ఎర్ర పొట్టు అంటిన చీటీ

ఒక మనిషి రెండు పనులను ప్రేమిస్తే మొదటి పనికి ద్రోహం చేసినట్టేనా? ఊరికే తలలూపకండి. అవునంటే ఎందుకో చెప్పండి, కాదంటే ఎందుకో చెప్పండి. తడుముకుంటున్నారు కదూ? సరే, ముందు కథ వినండి. తీర్పు తర్వాత ఇద్దురుగాని.

అనగనగా, రాజులకు కూడా కాస్త తీరిక దొరికే రోజుల్లో, పొగడవీడు అనే ఊళ్ళో సింగరోజు అనే వడ్రంగి ఉండేవాడు.

అతని ఇంటి చావడిలో ఒక ఆటబల్ల ఉండేది. చిన్నదనుకునేరు! పదిమంది పక్కపక్కన పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత బల్ల. తెల్లని పొణికి కర్రతో చేసింది. దానిమీద కొండలు, ఏర్లు, అడవులు, సంతలు అన్నీ సింగరోజు ఉలికి పుట్టినవే. ఆ ఆట ఆడేవారు వెయ్యిమంది. ఒక్కొక్కరికీ వేలెడంత కొయ్యబొమ్మ.

వెయ్యిమంది ఆ చావడిలో ఎలా పట్టారంటారా? అసలు రానే రాలేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళుండే ఆడేవారు. తెల్లవారగానే సింగరోజు పావురాలు ఊరూరికీ ఎగిరిపోయేవి. ఒక్కోదాని కాలికి ఒక చిన్న తాటాకు చీటీ. ‘నీ దారిలో ఏరు పొంగింది. ఏం చేస్తావు?’ అని ఉండేది అందులో. ‘పడవవాణ్ణి పిలుస్తాను’ అనో, ‘ఈదుకుంటూ పోతాను’ అనో ఆడేవాళ్ళు వెనకవైపు గీకి పంపేవారు. సాయంత్రానికి పావురం గూటికి చేరేది. సింగరోజు చీటీ చదివి, బొమ్మను జరిపేవాడు. ఆటలో ఒకరి కబురు ఇంకొకరికి చేరవేసేవాడు కూడా.

ఇక ప్రతి పున్నమికీ బల్లకు ఒక కొత్త మూల అతికేవాడు. ఒక పున్నమికి గుహ, ఒక పున్నమికి పూలలోయ. పన్నెండేళ్ళుగా ఒక్క పున్నమి కూడా తప్పలేదు.

ఆడేవారిలో కొండకోట రాజు జయమల్లుడు ఉండేవాడు. బయట ఆయనది సింహాసనం, ఆటలో పడవ. వచ్చేపోయేవాళ్ళను ఏరు దాటించడమే పని. “ఇవాళ పద్నాలుగు మందిని దాటించాను, తెలుసా!” అని రాణితో గొప్పలు పోయేవాడు. యుద్ధం గెలిచినప్పుడు కూడా ఆ ముఖం అంత వెలిగేది కాదట.

మిరియాల వర్తకుడు వరదయ్య ఉండేవాడు. ఆటలో ఆయన గుర్రాలు పెంచేవాడు. సొంత మనవల పేర్ల దగ్గర తడబడేవాడు గానీ, గుర్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు.

నూకాలు అనే మనిషి కూడా ఉండేది. సముద్రపు ఒడ్డున ఉప్పుమడులకు కాపలా. కనుచూపు మేర ఉప్పు, పైన ఎండ. మాటాడదామంటే కొంగలు తప్ప ఎవరూ లేరు. ఆటలో మాత్రం ఆమె దారి చూపే మనిషి. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా సరే, ముందు నూకాలునే అడగాలి. అక్కడ ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు మూడువందల మంది. బయట? ఒక్కరూ లేరు.

ఇలా ఉండగా ఒకనాడు వరదయ్యకు వచ్చిన చీటీ మీద ఏదో పొడి కనిపించింది. వేలితో రాసి చూశాడు. ఎర్రగా ఉంది.

వరదయ్య తనలో తానే లెక్కలు కట్టాడు. “మన బల్ల పొణికి కర్ర. దాని పొట్టు తెల్లగా ఉండాలి కదా! ఇది ఎర్రచందనం పొట్టు. అంటే సింగరోజు వేరే ఏదో చెక్కుతున్నాడు!”

చూశారా తెలివి! ఊహ సరిగ్గా తగిలింది కూడా. ఆ తెలివితోనే ఇంకొక్క అడుగు వేసి, ‘ఏం చెక్కుతున్నావయ్యా?’ అని అదే చీటీ వెనక రాసి పంపొచ్చు కదా? పంపలేదు. చీటీలో రాస్తే సింగరోజు చదివేస్తాడని భయం! అందుకని సంతల్లో నోటిమాటగా చెప్పాడు. ఎవరిని అడగాలో ఆ ఒక్కడికి తప్ప అందరికీ చెప్పాడు.

మొదటి సంతలో, “సింగరోజు కొత్త ఆట చేస్తున్నాడు” అన్నాడు.

అది రెండో సంతకు చేరేసరికి, “కొత్త ఆటకు పది రాజ్యాలట, మనది మూలకేనట” అయింది.

మూడో సంతలో ఒకామె కళ్ళొత్తుకుంటూ, “మన బల్లను పొయ్యిలోకి చీలుస్తున్నారట కదా అన్నా!” అని వరదయ్యనే అడిగింది. తన మాటే కొత్త వేషం వేసుకుని ఎదురొస్తే ఆయన గుర్తుపట్టలేదు. “అయ్యో, అంతదాకా వచ్చిందా!” అని కూలబడ్డాడు.

అప్పుడు మూడు పనులు జరిగాయి.

మొదట రాజు పావురం కాలికి ఆజ్ఞ కట్టి పంపాడు. ‘నీవు పొణికి తప్ప వేరే కర్ర ముట్టరాదు. ఇది రాజాజ్ఞ.’

సింగరోజు నవ్వుకుని బదులు రాశాడు. ‘ఆటలో తమరు పడవవారు కదా ప్రభూ! పడవవాడి ఆజ్ఞ అవతలి ఒడ్డు దాకానే చెల్లుతుంది.’

రాజు అలిగాడు. తెడ్డు పక్కన పడేశాడు.

తర్వాత వరదయ్య ఒక మిరియాల సంచీ పంపాడు. ‘కొత్త ఆటలో మా గుర్రాలకు మేత దొరికే చోటు ఇప్పుడే చూసి ఉంచు’ అని రాశాడు.

సింగరోజు సంచీ తిప్పి పంపేశాడు. ‘ఈయన ఉన్న ఆటను అప్పుడే వదిలేశాడన్నమాట’ అని మనసు కష్టపెట్టుకున్నాడు.

ఆఖరున, మిగిలిన జనం ఏమీ పంపడమే మానేశారు. “ఎలాగూ పోయే ఆటే కదా” అని ఒకరు. “అందరూ మానేశాక మనమొక్కళ్ళం ఆడి ఏం లాభం?” అని ఇంకొకరు. ఆ అందరిలో తామూ ఒకరని ఎవరికీ తట్టలేదు!

పావురాలు ఖాళీ కాళ్ళతో తిరిగి వచ్చేవి. నెల తిరిగేసరికి వెయ్యి పావురాల్లో చీటీతో వచ్చేది ఒక్కటే. ఉప్పుమడుల పావురం.

ఉప్పుబండ్ల వాళ్ళు చెప్పగా నూకాలూ ఆ కబురు విన్నది. ఆటలో ఆమె కొండ దాటిస్తున్న ముగ్గురు కొత్తవాళ్ళు కొండ మధ్యలోనే మాట మానేశారు. “వచ్చారా? ఉన్నారా?” అని రోజూ రాసేది. జవాబు లేదు.

ఆమైనా చీటీలో అడగొచ్చు కదా అంటారా? రాసింది. మూడుసార్లు రాసి, మూడుసార్లు చించేసింది. చెడ్డ జవాబు వస్తే, ఆ ఉప్పు మధ్యన ఒక్కతే కూర్చుని ఎలా చదువుకుంటుంది?

అంతలో తొలకరి పడింది. వానలొస్తే ఉప్పు పండదు, కాపలా అక్కర్లేదు. నూకాలు తాటాకు గొడుగు తీసుకుంది. మూడు రోజులు నడిచింది. పొగడవీడు చేరింది.

చావడిలో సింగరోజు బల్లమీదికి వంగి ఉన్నాడు. బల్లమీంచి తీసిన బొమ్మలను ఒక్కొక్కటిగా దూదిలో చుట్టి, బుట్టలో సర్దుతున్నాడు.

“అదేటి బాబూ, ఆ పని?” నూకాలు గడపలోనే నిలబడిపోయింది.

“ఎవరమ్మా నువ్వు?”

“నూకాల్ని. ఉప్పుమడుల నూకాల్ని.”

సింగరోజు చేతిలో బొమ్మ చేతిలోనే ఉంది. “దారి చూపే నూకాలువా! ఇంత పొడుగ్గా ఉంటావనుకోలేదు తల్లీ. నీ బొమ్మను పొట్టిగా చెక్కాను.”

“అది తర్వాత చూద్దాం. మీరు కొత్త ఆట చేస్తున్నారా?”

“చేస్తున్నాను.”

నూకాలు గడప దాటి బల్ల దగ్గరికి వచ్చింది. “మరి మాది ఆపేస్తున్నారా?”

“నేనా ఆపింది? మీరు కదా!” సింగరోజు చీటీలు లేక ఖాళీగా ఉన్న బుట్ట చూపించాడు. “నెల్లాళ్ళుగా నీది తప్ప ఒక్క పలుకు లేదు. ఆటంటే వాళ్ళకు మొహం మొత్తింది కాబోలు, ఇక విప్పేద్దాం అనుకున్నాను. బల్లమీద నీ బొమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని తీయడానికి చెయ్యి రాక పొద్దుటినుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను.”

“మొహం మొత్తడమా! మీరు మమ్మల్ని వదిలేస్తారని బెంగ బాబూ, బెంగ!”



“అసలు ఆ కొత్తది ఎందుకు మొదలెట్టారు?” అని అడిగింది నూకాలు.

“నిజం చెప్పనా? పన్నెండేళ్ళుగా అవే కొండలు, అవే ఏర్లు. చెయ్యి మొద్దుబారింది. నువ్వే చెప్పు, గడిచిన మూడు పున్నముల మూలలూ ఎలా ఉన్నాయి?”

నూకాలు అబద్ధం ఎరగదు. “చప్పగా ఉన్నాయి బాబూ. ఆ మూడో గుహ, మొదటి గుహకు తోబుట్టువులా ఉంది.”

సింగరోజు పకపకా నవ్వాడు. “చూశావా! వేరే కర్ర ముట్టుకుంటే చేతికి మళ్ళీ చురుకొస్తుందని దాన్ని పట్టాను. వచ్చింది కూడా. మీకోసం ఒక జలపాతం మనసులో మెదులుతోంది.”

“మరి ఈ మాట మాకు చెప్పలేదేం?”

“చెబితే భయపడతారని.”

“చెప్పకపోతే ధైర్యంగా ఉన్నామా?” నూకాలు గొడుగు నేలకు కొట్టింది. “రోజూ వెయ్యి చీటీలు పంపుతారే, ఒక్కదాంట్లో ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? రాజుగారు అడిగితే హాస్యమాడి ఊరుకుంటారా? మాది పిరికితనమే, ఒప్పుకుంటాను. మీదేటి మరి?”

సింగరోజు తలవంచుకున్నాడు. “నాదీ పిరికితనమేనమ్మా.”

“అయితే ఇప్పుడు చెప్పండి. ఎన్నాళ్ళు ఉంటుంది మా ఆట?”

“ఎల్లకాలం అని మాటివ్వలేను. నావి మనిషి చేతులు. ఇకమీదట కొత్త మూల పున్నమి పున్నమికీ రాదు, రెండు పున్నములకు ఒకటి. కానీ ఆడేవాళ్ళు ఒక్కరున్నా బల్ల విప్పను.”

ఆమె కోరుకున్నంత పెద్ద మాట కాదది. కానీ నిజమైన మాట. నూకాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “చాలు. తాటాకులు ఇలా ఇవ్వండి.”

ఇద్దరూ రెండు రోజులు కూర్చుని వెయ్యి చీటీలు రాశారు. అన్నింట్లో ఒకటే మాట. ‘నేను నూకాల్ని. వెళ్ళి అడిగాను. కొత్త ఆట నిజం. మనది ఆపుతారన్నది అబద్ధం. ఇకమీదట రెండు పున్నములకు ఒక మూల. నీ బొమ్మను నువ్వు వదిలిన చోటే మళ్ళీ నిలబెట్టాను. రా.’

మూడో రోజు పావురాలు ఎగిరాయి.

ఆ సాయంత్రం మూడే చీటీలు వచ్చాయి. కొండ మధ్యలో ఆగిపోయిన ముగ్గురివీ. ‘నూకాలక్కా, ఎటు తిరగాలి?’ అని ఉంది వాటిలో. ఆమె వాటిని చదివి, గుండెకు హత్తుకుని, మళ్ళీ చదివింది.

మర్నాడు ముప్పై వచ్చాయి. ఆ మర్నాడు గూడంతా చీటీలే. రాజు రాశాడు: ‘ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాను. నా పడవకు చిల్లేమైనా పడిందేమో కాస్త చూడు నాయనా.’ వరదయ్య రాశాడు: ‘సిగ్గుగా ఉంది సింగరోజూ. ఈ నెల్లాళ్ళూ మా గుర్రాలకు ఎవరైనా నీళ్ళు పెట్టారా?’

వెయ్యిమందీ వచ్చారా? రాలేదు. కొందరి పావురాలు ఖాళీగానే తిరిగొచ్చాయి. ఒక నెల మౌనం ఖరీదు అది. మిగిలినవారు మాత్రం రెండు పున్నముల తర్వాత జలపాతం కింద తడిసి ముద్దయ్యారు.

విన్నారుగా! ఆటను ముంచబోయింది కొత్త కర్ర కాదు, అడగని నోళ్ళు, చెప్పని నోరు. మీకు ప్రాణమైనదాన్ని చేసే మనిషి మీద అనుమానం కలిగితే సంతకు పోకండి, సరాసరి ఆ మనిషి దగ్గరికే ఇవాళే వెళ్ళి అడగండి. జవాబు వచ్చేదాకా మీ వంతు ఆట ఆడుతూనే ఉండండి.