మారెప్ప తెచ్చిన మూడు గిన్నెలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రాజు లేడు, కోట లేదు. గడ్డాలు మాత్రం ఉండేవి. గడ్డాలున్న చోట మంగలి ఉండాలి గదా, ఉన్నాడు. పేరు తిరుపాలు.

తిరుపాలు చెయ్యి మెత్తన. పొద్దున్నే కత్తుల పొది చంకలో పెట్టుకుని ఇంటింటికీ పోయేవాడు. గిన్నెలో వేడి కుంకుడు రసం పోసి, ఈతపీచు కుంచెతో గిలక్కొడితే నురగ మీగడలాగా లేచేది. ఆ నురగ చెంపకి తగిలితే చాలు, ఊరందరినీ కసిరే పెద్దరెడ్డి కూడా కళ్ళు మూసుకుని పసిబిడ్డ అయిపోయేవాడు.

ఆ నురగ ఊరివాళ్ళకే. ఊరి బయట వాడకి కాదు. వాడలో మగవాళ్ళు గడ్డం గీసుకోవాలంటే విరిగిన కొడవలి ముక్క, చన్నీళ్ళు, దేవుడి దయ. అంతే.

ఆ వాడలో మారెప్ప అని ఒక ముసలాయన ఉండేవాడు. తోలు పని ఆయనది. ఊరి బావుల్లో నీళ్ళు తోడే తోలుబానలు ఆయన కుట్టినవే. ఊరి కాళ్ళకున్న చెప్పులు ఆయన కుట్టినవే. తిరుపాలు రోజూ కత్తి పదును పెట్టుకునే తోలుపట్టీ కూడా ఆయన కోసిచ్చిందే. అది లేకపోతే ఆ కత్తికి వంకాయ కూడా తెగదు.

ఒకనాడు మారెప్ప పెద్దరెడ్డి చెప్పుల కొలతకి పోయి వాకిలి బయట కూర్చున్నాడు. అరుగు మీద రెడ్డికి తిరుపాలు గడ్డం చేస్తున్నాడు. నురగలోంచి ఆవిరి లేస్తోంది. మారెప్ప తన చెంప తడుముకున్నాడు. అంతా గాట్లు.

ఆ సాయంత్రం మారెప్ప తిరుపాలు గడప ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అప్పా తిరుపాలూ, ఒక్క మాట. నేను చచ్చేలోపల ఈ చెంపకి వెచ్చటి నురగ ఒక్కసారి తగలాలని ఉందప్పా. చేస్తావా?"

తిరుపాలు ఏమనాలి? చేస్తాననాలి. అంత గుండె లేకపోతే, ఊరివాళ్ళు తరిమేస్తారు, నాకు భయం అనాలి. రెండూ అనలేదు. ముసలాయన కళ్ళలోకి చూడలేక గిన్నె వైపు చూశాడు.

"చేసేవాణ్ణే మారెప్పా. ఇది ఊరి గిన్నె గదా. నీకు వేరే గిన్నె కావాలి."

మారెప్ప ముఖం వెలిగిపోయింది. "గిన్నెకేం భాగ్యమప్పా! నేనే తెస్తా."

మొదట మట్టిగిన్నె తెచ్చాడు. బాగా కాలిన ఎర్రటి గిన్నె. తిరుపాలు దాన్ని తిప్పాడు, తట్టాడు, వెలుగుకి పెట్టి చూశాడు.

"మట్టిది రసం తాగేస్తుంది. నురగ నిలబడదు. గిన్నె కుదరలేదు మారెప్పా."

"నిజమేనప్పా, నాకు తోచనేలేదు. నీకు శ్రమ ఇచ్చినా" అని ముసలాయనే సంజాయిషీ చెప్పుకుని పోయాడు.

తర్వాత కొబ్బరిచిప్ప తెచ్చాడు. లోపలా బయటా నున్నగా గీకి, దొర్లిపోకుండా కింద తోలుచుట్ట కూడా అమర్చాడు. తిరుపాలు దాన్నీ తిప్పాడు, తట్టాడు, వెలుగుకి పెట్టి చూశాడు.

"ఇరుకైంది. కుంచె తిరగదు. గిన్నె కుదరలేదు మారెప్పా."

"అవునప్పా, పాడు కళ్ళు, కొలత కనబడి చావలేదు" అని మారెప్ప తన కళ్ళనే తిట్టుకుంటూ పోయాడు.

తలుపు పక్కనుంచి ఇదంతా విన్నది తిరుపాలు పెండ్లాం సుంకమ్మ. ఆమె నోటికి జడిసి ఊళ్ళో సగం మంది దారి మార్చుకుని నడిచేవాళ్ళు.

"ఏమయ్యో, నిన్న కరణానికి నురగ కలిపింది కొబ్బరిచిప్పలో గాదా? కుంచె ఎట్లా తిరిగిందో?"

"నోరు మూసుకోవే."

"మూసుకుంటాలే. ఆయన కోసిన తోలు మీద కత్తి నూరతావు. అది మైల గాదు, ఆయన చెంప మైల. బాగుంది నీ న్యాయం! ఆ గిన్నె ఏం పాపం చేసిందని దాని మీద నేరం మోపుతావు? నాకు భయమప్పా అని చెప్పు. ముసలాయన ఇంటికి పోయి పడుకుంటాడు."

తిరుపాలు అన్నం ముందు తలొంచుకు కూర్చున్నాడు. తల ఎత్తలేదు, ముద్ద ఎత్తలేదు. భయమన్న మాట మారెప్పకి చెప్పనూ లేదు.

మారెప్ప ఈసారి గుట్టకి పోయి మెత్తటి బలపపురాయి తెచ్చుకున్నాడు. తోలు కోసే ఉలితో చెక్కుతూ కూర్చున్నాడు. దగ్గు వస్తే ఆగుతాడు, తగ్గితే చెక్కుతాడు. వాడలో కుర్రకారు ఊరుకుంటుందా?

"ఏం తాతా, పెండ్లికొడుకువి అవుతున్నావా?"

"అవుతున్నా రా. మీ అవ్వ పైన కాచుకోనుంది. నా గడ్డం గుచ్చుకుంటుందని బతికినన్నాళ్ళూ తిట్టింది. నున్నగా పోయి దాని నోరు మూయించాల."

గిన్నె తయారైంది. నోరు వెడల్పు, అడుగు బల్లపరుపు. లోపల కుంచెకి నురగ బాగా లేవాలని సన్నటి గీతలు చెక్కాడు. తిరుపాలు చేతికిచ్చాడు. తిరుపాలు తిప్పాడు, తట్టాడు, వెలుగుకి పెట్టి చూశాడు. ఎండకి వేడెక్కిన రాయి, ఆ వేడి ఇంకా పోలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి గిన్నె అతను పట్టలేదు.

"కుదిరిందా అప్పా?"

అప్పుడే వీధిలో పెద్దరెడ్డి పోతూ పోతూ నిలబడి ఇటు చూశాడు.

"గిన్నె..." అన్నాడు తిరుపాలు. రెడ్డి వైపు ఓరగా చూశాడు. "గిన్నె కుదరలేదు మారెప్పా."

ఈసారి మారెప్ప తన తెలివిని తిట్టుకోలేదు. తన కళ్ళని తిట్టుకోలేదు. వీధిలో రెడ్డిని చూశాడు, తిరుపాలు ముఖం చూశాడు.

"గిన్నె కుదిరిందిలే అప్పా" అన్నాడు మెల్లగా. "గిన్నె బాగనే ఉంది."

దాన్ని గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. దగ్గు ముదిరి కొద్దిరోజులకే పోయాడు.

వాడలో చావుడప్పు మోగింది. అది విని తిరుపాలు పెద్దరెడ్డికి చేస్తున్న గడ్డం సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. సుంకమ్మ రాతిగిన్నె కడిగి అందించింది. పొయ్యి మీద కుంకుడు రసం కాగుతోంది. అంటే, ఆమె ముందే పెట్టింది.

రసం రాతిగిన్నెలో పోసుకుని, పట్టపగలు, ఊరి నడివీధిలోంచి, అందరూ చూస్తుండగా తిరుపాలు వాడకి పోయాడు. మారెప్ప కూతురు లింగమ్మ శవం పక్కన కూర్చుని ఉంది. గిన్నెని చూసింది. మనిషిని చూసింది.

"ఇప్పుడా వచ్చేది?"

తిరుపాలు గిన్నె దించాడు. నేల మీద కూర్చుని కుంచె తిప్పాడు. ఆ నురగ లేచినట్టు ఏ నురగా లేవలేదు. చెంపకి రాశాడు. నురగ వెచ్చగా ఉంది. చెంప చల్లగా ఉంది. మారెప్ప కోసిచ్చిన తోలు మీద కత్తి నూరి, ఒక్క గాటు పడకుండా గీశాడు. కళ్ళ నీళ్ళతో గొణిగాడు.

"గిన్నె కుదిరింది మారెప్పా."

"గట్టిగా చెప్పు" అంది లింగమ్మ. "ఊరికి వినబడాల."

గట్టిగా చెప్పాడు. ఊరికి వినబడింది.

ఊరు ఊరుకుంటుందా! మైలపడిన గిన్నెతో మా గడప ఎక్కొద్దు, ఇంకో గిన్నె తీసుకుని రా అన్నారు. మిగతా గిన్నెల్లో సుంకమ్మ అప్పటికే కోళ్ళకి నూకలు పోస్తోంది.

"ఉండేది ఇది ఒక్కటే" అన్నాడు తిరుపాలు. "కుదిరితే గీయించుకోండి."

గడ్డాలు పెరిగాయి. కరణం గడ్డంలో జొన్నరొట్టె తునకలు చిక్కుకున్నాయి. పెద్దరెడ్డి సగం గడ్డంతో తిరగలేక ముఖానికి పైగుడ్డ చుట్టుకున్నాడు. చివరికి రెడ్డి కొడుకు పెండ్లి వచ్చింది. పెండ్లికొడుకుని ఎలుగుబంటిలా పీటల మీద కూర్చోబెట్టలేరు గదా. తిరుపాలుకి కబురు పెట్టారు. అతను రాతిగిన్నెతోనే వచ్చాడు. నురగ లేచాక, మొదటి ముద్ద తీసి నేల మీద పెట్టాడు.

"అదేంట్రా?" అన్నాడు పెద్దరెడ్డి.

"అది మారెప్పది" అన్నాడు తిరుపాలు. రెడ్డి పైగుడ్డ విప్పాడు. తల దించుకుని తన సగం గడ్డం కూడా ముందుకు పెట్టాడు.

నాటి నుంచి వాడ చెంపలకీ ఊరి చెంపలకీ అదే గిన్నె. నువ్వు మంచివాడివి తిరుపాలూ అని ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మండేది.

"మంచివాణ్ణయితే మట్టిగిన్నెలోనే చేసేవాణ్ణి" అనేవాడు. చచ్చేదాకా అదే మాట.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో కొత్త గిన్నె కొన్న మంగలి, తిప్పడు, తట్టడు, వెలుగుకి పెట్టి చూడడు. నురగ కలిపి మొదటి ముద్ద నేలకి పెడతాడు. దాని పేరు మారెప్ప నురగ. ఎవరైనా చేయగలిగిన సాయం చేయకుండా నీళ్ళు నమిలితే పెద్దవాళ్ళు ఒకటే అడుగుతారు: "ఏం, గిన్నె కుదరలేదా?" అడిగించుకున్నవాడు తల ఎత్తడు.

కథ ఇక్కడికి చల్లారింది. ఇన్నేళ్ళుగా ఇన్ని చేతులు ఇంత నురగ తీసిపెట్టాయి. మారెప్ప చెంప మాత్రం వెచ్చబడలేదు.