దీపానికి కట్టిన మాస్కు

ఓబులేసుకు గురువు మీద కోపం వచ్చింది. ఆశ్రమంలో చేరాక అదే మొదటిసారి.

మరునాడు పెద్దగురువు ఆరాధన. చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు. అందరికీ కడుపునిండా జొన్నసంగటి పెడతానని ఓబులేసు తానుగా మాట ఇచ్చాడు. తీరా చూస్తే వంటశాలలో జొన్నలు అడుగంటాయి. ఉన్న జొన్నలన్నీ పెరట్లో, పాతరలో ఉన్నాయి.

పాతర అంటే నేలలో తవ్విన ధాన్యపు గొయ్యి. మూతి మనిషి పట్టేంత. లోపల కుండలా వెడల్పు. ఈ కథ చెప్పేటప్పుడు కొందరు పాతరను బావి అంటారు. బావి కాదు. బావిలోకి తొంగి చూస్తే మన ముఖం కనబడుతుంది. పాతరలోకి తొంగి చూస్తే ఏమీ కనబడదు.

పొద్దున్నే ఓబులేసు మూతి చుట్టూ మెత్తిన మట్టిని గీకి, బండను పక్కకు దొర్లించాడు. లోపలినుంచి వెచ్చటి గాలి వచ్చింది. పులిసిన వాసన. చీకట్లో పడుకున్న పశువేదో ముఖం మీద ఊపిరి వదిలినట్టుంది.

"మూతి తీసే ఉంచు, లోపలి గాలి మారల్ల. రేపు ఈ పాటికి చూద్దాం" అన్నాడు కంబయ్య సామి. ఆయనే గురువు. బాగా ముసలివాడు. "అందాకా వేపమండలు కట్టగట్టి, తాడుతో దించుతా ఎత్తుతా ఉండు. అంతే పని."

"రేపు ఈ పాటికి జనం వచ్చేసుంటారు సామీ. ఆ వేపాకే వడ్డించమంటారా?"

గురువు నవ్వాడు గాని మాట మార్చుకోలేదు.

ఓబులేసు తన గదిలోకి పోయి, సంచిలోనుంచి మాస్కు తీసుకొచ్చాడు. తెల్లటి మాస్కు, చిన్న గిన్నెలా ఉబ్బినది. ముక్కు దగ్గర నొక్కడానికి సన్నటి రేకు ఉంది.

ఆశ్రమానికి రాకముందు అతను పలుగురాళ్ళు పొడికొట్టే మిల్లులో పనిచేశాడు. అక్కడ దుమ్ము పిండిలా లేచేది. తోటివాళ్ళు ఉత్త తువ్వాలు మూతికి చుట్టుకుని, పని దిగాక ఇంత బెల్లం నమిలి, లోపలి దుమ్మంతా కడుక్కుపోయిందని అనుకునేవాళ్ళు. ఓబులేసు ఒక్కడే మాస్కు తీయకుండా పనిచేశాడు. "ఏమప్పా, పెళ్ళికూతురా? ముసుగు తీయవా?" అని వాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఏడిపించినవాళ్ళు దగ్గి దగ్గి పోయారు. ఓబులేసు మిగిలాడు. అప్పటినుంచి మాస్కంటే అతనికి దేవుడితో సమానం.

"ఇది ఉంటే నాకేమీ కాదు సామీ" అన్నాడు. "చావు నా పక్కన కూర్చుని పనిచేసింది. నన్ను మాత్రం ముట్టలేదు."

"నిజమే. ఏదీ, ఇటివ్వు."

గురువు మాస్కు తీసుకుని వంటశాల వైపు తిరిగాడు. "తిమ్మక్కా, లాంతరు వెలిగించుకుని రా."

తిమ్మక్క ఆశ్రమంలో వంట చేసే అవ్వ. "ఇంత ఎండ చాల్లేదా సామీ, మీకు లాంతరు గూడా కావల్లా?" అని గొణుగుతూనే తెచ్చింది.

గురువు లాంతరు గాజుకు మాస్కు తొడిగి, రబ్బరు పట్టీలు వెనక్కి లాగి బిగించాడు. మనిషికి పెట్టినంత జాగ్రత్తగా రేకును వేళ్ళతో నొక్కాడు.

ఓబులేసుకు నవ్వొచ్చింది. "దీపానికి ముక్కేది సామీ?"

"ఊపిరుంది కదా."

లాంతరుకు తాడు కట్టి పాతరలోకి వదిలాడు. తెల్ల గుడ్డ వెనక వెలుగు ముఖంలా ఉంది. ఆ ముఖం మెల్లగా కిందికి పోయింది. ముగ్గురూ వంగి చూశారు.

సగం దూరం పోయేసరికి ముఖం చిన్నదయింది. ఆ తర్వాత లేదు. మంట రెపరెపలాడలేదు, పెనుగులాడలేదు. ఎవరో అరచేత్తో మూసినట్టు ఆరిపోయింది.

మూతిలోనుంచి పడే ఎండలో పొగ కనబడింది. అది పైకి రాలేదు. ఉన్నచోటే దుప్పటిలా పరుచుకుని ఆగిపోయింది.

గురువు లాంతరు పైకి లాగి, మాస్కు విప్పి ఓబులేసు చేతిలో పెట్టాడు. ఓబులేసు తిరగేసి చూశాడు. తెల్లగా ఉంది. దుమ్ము మరక ఒక్కటీ లేదు.

"కొత్తదాని మాదిరే ఉందే!" అంది తిమ్మక్క.

ఓబులేసు ఒకసారి పాతర వైపు చూశాడు. కాని ఇచ్చిన మాట అతన్ని వదల్లేదు. "దీపం వేరు, మనిషి వేరు సామీ" అన్నాడు చివరికి. "నడుముకు తాడు కట్టుకుని దిగుతాను. తల తిరిగినట్టుంటే అరుస్తాను. మీరిద్దరూ లాగండి."

"సరే, కట్టుకో."

గురువు అంత సులువుగా ఒప్పుకుంటాడని అతను అనుకోలేదు. మాస్కు పెట్టుకున్నాడు. నడుముకు తాడు బిగించుకున్నాడు. రెండో కొస గురువు, తిమ్మక్క పట్టుకున్నారు.

"ముందు ఇక్కడ పడుకో" అన్నాడు గురువు, పాతర మూతి పక్కన నేల చూపిస్తూ. "నువ్వు లోపల పడిపోయినావు. కదలొద్దు."

ఓబులేసు పడుకున్నాడు. తల మూతి అంచుకు ఆనింది. వాళ్ళిద్దరూ తాడు లాగడం మొదలుపెట్టారు. తాడు నడుముకు కోసుకుంది. తిమ్మక్క కాళ్ళు మట్టిలో జారాయి. గురువు రొప్పుతున్నాడు. చదును నేల మీద కూడా ఓబులేసు జానెడు కదల్లేదు.

చెవి పక్కనే పాతర ఉంది. లోపలినుంచి చిన్న చప్పుడు వస్తోంది. ఎవరో తీరిగ్గా, నోరు తెరవకుండా, ఏదో నములుతున్నట్టు. జొన్నలు మక్కుతున్న చప్పుడే అని తనకు తాను చెప్పుకున్నాడు. అది ఆగలేదు.

"సామీ" అన్నాడు.

వాళ్ళు తాడు లాగుతూనే ఉన్నారు.

"సామీ, వినపడుతుందా?"

"ఎవరో పిలిచినట్టుంది సామీ" అంది తిమ్మక్క.

"లేదు" అన్నాడు గురువు. "వాడు పిలవలేడు."

ఓబులేసు లేవాలనుకున్నాడు. చేతులు వెంటనే మాట వినలేదు.

తాడు వదులైంది. వాళ్ళు దాన్ని కింద పడేశారు. తర్వాత అడుగుల చప్పుడు, తన తల వైపే వస్తోంది. కళ్ళు పైకి తిప్పి చూశాడు. గురువు పంచె ఎగ్గట్టి గోచీ పోసుకున్నాడు. మూతికి అవతలి వైపు కూర్చుని, ఒక కాలు లోపలికి వదిలాడు.

"సామీ! ఎక్కడికి?"

గురువు అతని వైపు చూడలేదు. పాతరలోకే చూస్తున్నాడు.

"ఓబులేసును తేవడానికి."

ఆయన వెనక తిమ్మక్క నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టి బిగిస్తోంది.

"నువ్వెందుకవ్వా?"

"సామిని ఎవరు తేవల్ల మరి?" అంది తిమ్మక్క. ఆ ముఖంలో నవ్వు లేదు.

రెండో కాలు కూడా అంచు దాటబోతోంది. ఓబులేసు పాక్కుంటూ పోయి, గురువును చంకల కింద పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ కాలు ఎండలోకి వచ్చేదాకా అతను ఊపిరి పీల్చలేదు.

మరునాడు ఆరాధనకు వచ్చినవాళ్ళకు ఉడకబెట్టిన శనక్కాయలే పెట్టారు. "సంగటన్నావు, ఏదప్పా? మీ సామి తినేసినాడా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. జనం బాగా వచ్చారు. ఆకుదొన్నెలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడ్డారు.

పాతర అంచున సామి వెనక నిలబడ్డ తిమ్మక్క గుర్తొచ్చి, ఓబులేసు ఆ వరుస వైపు చూశాడు. దాని చివర ఎక్కడుందో అతనికి కనబడలేదు.