మూడో తెర

ప్రహ్లాద్ ఆట ఆగి ఆగి నడుస్తోంది.

అతనికి ఆడటం రాక కాదు. నరసరావుపేట మొత్తం మీద తుపాకుల ఆటలో అతని ముందు నిలిచేవాళ్ళు లేరు. మేడ మీద గదిలో కూర్చుని కంప్యూటర్‌లో ఆడుతూ, ఆ ఆటను అప్పటికప్పుడు లైవ్‌లో జనానికి చూపిస్తుంటాడు. తంటా అంతా ఆ లైవ్‌లోనే వచ్చింది. తెర మీద పరిగెత్తుతున్న మనిషి ఉన్నట్టుండి కొయ్యబారిపోతాడు. మరుక్షణం ఎక్కడో గోడ అవతల తేలతాడు. మధ్యలో ఏం జరిగిందో చూసేవాడికి తెలియదు. ఫ్రేములు పడిపోవడం అంటారు దాన్ని. చూసేవాళ్ళు అంత మర్యాదగా అనరు. "అన్నా, ఇది ఆటా, ఫొటో ఆల్బమా?" అని కింద కామెంట్ రాసి పోతారు.

సరిగ్గా ఈ అవస్థలో ఉండగా హైదరాబాద్ జట్టు ఒకటి కబురు పెట్టింది. ఆదివారం సాయంత్రం అతను ఆడే పోటీని లైవ్‌లో చూస్తామని, నచ్చితే జట్టులోకి తీసుకుంటామని. మేనేజర్ శ్రీరంగం ఫోన్లో దాపరికం లేకుండా చెప్పాడు.

"నీ ఆట సంగతి మాకు తెలుసు తమ్ముడూ. లైవ్ ఆగిందంటే మాత్రం కుదరదు. ఇంకో అబ్బాయి రెడీగా ఉన్నాడు."

ఆ మాట విన్నప్పటి నుంచి ప్రహ్లాద్‌కి అన్నం సహించలేదు. నెట్ వైరు మార్చాడు. కంప్యూటర్ మూత విప్పి దుమ్ము దులిపాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మొహాన పెట్టి, తాను చెమటలో కూర్చున్నాడు. ఆటలో బొమ్మ నాణ్యత తగ్గించాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఫ్రేములు పడుతూనే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఇక తట్టుకోలేక ఉస్తాద్‌కి ఫోన్ చేశాడు.

ఉస్తాద్ అంటే మస్తాన్‌వలీ. ఒకప్పుడు బస్టాండు పక్కన వీడియో గేముల కొట్టు నడిపేవాడు. ప్రహ్లాద్‌కి ఆట నేర్పిందీ ఆయనే, లైవ్ పెట్టడం నేర్పిందీ ఆయనే. ఆయనలో ఒకటే చెడ్డ గుణం. అడిగినదానికి జవాబు చెప్పడు. చెప్పాడంటే అది మనం అడిగినదానికి కాదు.

ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ప్రహ్లాద్ చేసినవన్నీ ఏకరువు పెట్టాడు. అంతా విని ఉస్తాద్ "ఊ" అన్నాడు.

"ఆడు. చూస్తా."

ప్రహ్లాద్ లైవ్ పెట్టి ఆడటం మొదలుపెట్టాడు. అతని ముందు మూడు తెరలు. మొదటిదాంట్లో ఆట. రెండోదాంట్లో జనం రాసే కామెంట్లు. మూడోదాంట్లో అతని లైవే. అంటే తాను లోకానికి పంపినదాన్నే, అదే కంప్యూటర్ మీద ఇంకో బరువు వేసి మళ్ళీ తెప్పించుకుని, పెద్ద బొమ్మగా, పూర్తి నాణ్యతతో చూసుకుంటున్నాడు. దాని పక్కనే రకరకాల మీటర్లు. వేడి ఎంతో చెప్పేది ఒకటి, నెట్ వేగం చెప్పేది ఒకటి, పడిన ఫ్రేములు లెక్కపెట్టేది ఇంకొకటి. ఫ్రేము పడ్డప్పుడల్లా ఎందుకు పడిందో తెలుసుకోవడానికి మరో మీటరు తెరుస్తున్నాడు. జ్వరం తగ్గకపోతే థర్మామీటర్లు కొనేవాడి వరస.

ఉస్తాద్ తెరల వంక చూడలేదు. శిష్యుడి మెడ వంక చూస్తున్నాడు. ఆ మెడ ఆట మీద క్షణం నిలవడం లేదు. మూడో తెరకేసి తిరుగుతోంది, వస్తోంది, మళ్ళీ తిరుగుతోంది. అలా తిరిగిన ఒకసారి ఎవడో వెనకనుంచి కాల్చేశాడు.

"చూశారా ఉస్తాద్! మళ్ళా ఫ్రేము పడింది!"

"పోటీ ఎప్పుడు?"

"ఇంకాసేపట్లో. నా బతుకు బస్టాండే ఇంక."

ఉస్తాద్ లేచాడు. ప్రహ్లాద్ చేతిలోంచి మౌసు తీసుకున్నాడు. మీటర్లు ఒక్కొక్కటే మూసేశాడు. కామెంట్లు మూశాడు. చివరికి లైవ్ చూపించే కిటికీ మీదకు బాణం తెచ్చాడు.

"అది వద్దు ఉస్తాద్! అది మూస్తే జనానికి ఎట్టా పోతందో నాకెట్టా తెలిసేది?"

ఉస్తాద్ దాన్నీ మూసేశాడు. మూడో తెర ప్లగ్గు కూడా పీకేశాడు.

"నేను కింద టీకొట్టు కాడ ఫోన్లో చూస్తుంటా. ఆగితే కేకేస్తా."

తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగిపోయాడు.

పోటీ మొదలైంది. కేక వినపడాలని ప్రహ్లాద్ హెడ్‌ఫోన్ ఒక చెవికే తగిలించుకున్నాడు. అతని చెవులు ఆటలో లేవు, వీధిలో ఉన్నాయి. ఎవరో "ఏయ్!" అని అరిచారు. ఉస్తాదే అనుకున్నాడు. కూరగాయల బండివాడు ఆవును అదిలిస్తున్నాడు. పక్కింట్లో కుక్కర్ కూత వేస్తే కుర్చీలోంచి లేవబోయాడు. కేక రాలేదు. రాకపోయేసరికి భయం ఇంకా పెరిగింది. ఈయన టీ తాగుతూ ఎవరితోనో కబుర్లలో పడ్డాడేమో. ఫోను చూడటమే మర్చిపోయాడేమో. అవతల శ్రీరంగం ఆగిపోయిన బొమ్మను చూసి ఇంకో అబ్బాయికి ఫోన్ చేస్తున్నాడేమో. ఉస్తాద్ మీద ఒళ్ళు మండిపోయింది. నా బతుకుతో ఈయనకి ఆటలేంటి అనుకున్నాడు. మూసిన కిటికీ తెరుద్దామని చెయ్యి మౌసు మీద కదిలింది.

అప్పుడు ఆటలో ఎడమ పక్క అడుగుల చప్పుడు వినిపించింది.

చెయ్యి ఆగింది. గోడ చాటుకి జరిగాడు. వచ్చినవాడు ఒక్కడు కాదు, ఇద్దరు. మొదటివాణ్ణి పోనిచ్చి రెండోవాణ్ణి పడగొట్టాడు. మొదటివాడు వెనక్కి తిరిగేలోపు కిటికీ దూకాడు. ఆ తర్వాత వీధి వినపడలేదు. కుక్కర్ వినపడలేదు. శ్రీరంగం గుర్తుకు రాలేదు. చివరికి ఇద్దరే మిగిలారు. ఎదుటివాడు ఒక్క వెంట్రుకవాసి ముందు కాల్చాడు. ప్రహ్లాద్ పడిపోయాడు.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఓడిపోయాడు. లైవ్ ఎలా పోయిందో తెలియదు. ఫోను మోగింది. శ్రీరంగం.

"ఓడితే ఓడావులే తమ్ముడూ. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు. నువ్వు ఇలా ఆడగలవని మాకూ తెలియదు. బయల్దేరి వచ్చెయ్."

ప్రహ్లాద్ మెట్లన్నీ దూకుతూ దిగాడు. ఉస్తాద్ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఫోను ఆర్పుతున్నాడు.

"తీసుకున్నారు ఉస్తాద్!"

"మంచిది."

"అయితే ఇన్నాళ్ళూ దానికి ఏమైందంటారు? వైరా? వేడా?"

"దిష్టి తగిలింది."

ప్రహ్లాద్ నవ్వాడు. ఉస్తాద్ నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

"ఎవరిది ఉస్తాద్?"

ఉస్తాద్ గ్లాసులో అడుగున మిగిలిన టీ తాగి లేచాడు.

"నీదేరా."