గీత దాటని పిల్లలు

"పిల్లలు భయంతో మాట వింటే తప్పేముంది అయ్యగారూ?" అని కృపాదానం అడిగాడు.

శనివారం మధ్యాహ్నం. ఉపదేశి ఆశీర్వాదంగారి వసారాలో అయిదుగురం కూర్చుని ఉన్నాం. ఆయన మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ల సంఘాల్లో నలభై ఏళ్లపాటు పిల్లలకూ, బాప్తిస్మానికి సిద్ధపడే పెద్దలకూ పాఠాలు చెప్పినాయన. ప్రసంగం చెయ్యడం నేర్చుకోవాలనుకునే మాలాంటివాళ్ల కోసం ఇప్పుడు శనివారాలు కేటాయించారు. అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే, మొద్దుని కూడా నేనే. పన్నెండేళ్లుగా వస్తూనే ఉన్నాను. కృపాదానం అందరికంటే చిన్నవాడు, చురుకైనవాడు. పక్క ఊళ్లో సండే స్కూలు అతని చేతికిచ్చి ఆరు నెలలైంది.

ఆ ఆరు నెలల్లో అతను సాధించింది తక్కువేమీ కాదు. గోడకు నరకం బొమ్మ ఒకటి తగిలించాడు. మంటలు, మంటల్లో చేతులెత్తి ఏడుస్తున్న మనుషులు. పాఠానికి ముందు ఒకసారి, పాఠం అయ్యాక ఒకసారి పిల్లలందరికీ దాన్ని చూపిస్తాడు. అంతకుముందు సంతలాగా ఉండే బడి ఇప్పుడు చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా ఉందట. ఒక్క పిల్లాడూ అబద్ధం ఆడటం లేదట. కానీ ఓ తల్లి వచ్చి, తన కొడుకు వారం రోజులుగా దీపం ఆర్పనివ్వడం లేదని గొడవ పెట్టుకుంది. బొమ్మ తీసెయ్యమని సంఘంలో కొందరు, ఉంచమని కొందరు పట్టుబట్టారు. తీర్పు కోసం ఇతను ఇక్కడికి వచ్చాడు.

ఆశీర్వాదంగారికి వాదన గిట్టదు. ఎవరేమడిగినా ముందు కళ్లజోడు తీసి పంచె కొంగుతో నింపాదిగా తుడుచుకుంటారు. ఆయన తుడవడం పూర్తయ్యేలోపు అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం పుడుతుంది. మాలో సగం మంది సందేహాలు అలాగే తీరిపోయాయి. ఆ రోజు మాత్రం ఆయన కళ్లజోడు జోలికి పోలేదు. నా వైపు చూసి, "కరోనా ఏడాది క్రిస్మస్ సంగతి చెప్పెయ్యనా?" అన్నారు. వద్దనాలనిపించింది. ఎందుకంటే ఆ రోజు నేనూ అక్కడ ఉన్నాను. ఆయన చెప్పింది, నేను కళ్లారా చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన భార్య సలోమమ్మగారికి చాలా ఏళ్లుగా షుగరు. రోజూ భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి, వేసుకున్నాక తినడం ఆలస్యమైతే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పైగా ఊపిరితిత్తులు బలహీనం. జబ్బు ఊరంతా తిరుగుతున్న ఆ ఏడాది, మార్చి నుంచి డిసెంబరు దాకా ఆవిడ గడప దాటలేదు. తెనాలిలో ఉన్న కూతురు హెలీనానీ, ఇద్దరు మనవరాళ్లనీ ఫోన్లో చూసుకోవడమే. పెద్దది నిస్సికి తొమ్మిదేళ్లు, చిన్నది కెజియాకి అయిదు. క్రిస్మస్‌కైనా పిల్లల్ని చూడకపోతే తను జబ్బు రాకుండానే పోతానని ఆవిడ అన్నం మానేసి కూర్చుంది. డాక్టరమ్మని అడిగితే, ఆరుబయట అయితే ఫరవాలేదు, బాగా ఎడంగా కూర్చోండి, ముట్టుకోవద్దు అని చెప్పింది.

ఆశీర్వాదంగారు పెరట్లో ఈ మూల నుంచి ఆ మూలకు ముగ్గుపిండితో గీత పోశారు, కబడ్డీ ఆటకు పోసినట్టు. గీతకు ఇవతల తమ ఇద్దరికీ కుర్చీలు. అవతల కూతురి కుటుంబానికి చాపలు. గీత మీద ఒక స్టూలు. అటువాళ్లు ఇటువాళ్లకు ఏదివ్వాలన్నా దాని మీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఇదంతా సరైన పనే. ఆయన ఈ రోజుకీ అదే అంటారు.

అయితే ఆయన ఉపదేశి. ఏ విషయాన్నైనా ప్రశ్న, జవాబుగా మార్చి కంఠతా పట్టిస్తే తప్ప నేర్పినట్టు అనిపించదు. క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా మొదలుపెట్టి, రోజూ సాయంత్రం ఫోన్లో మనవరాళ్లకు పాఠం చెప్పారు.

"గీత దాటితే?"

"అమ్మమ్మ చచ్చిపోద్ది!"

"గట్టిగా అరిస్తే?"

"నోట్లోంచి పురుగు ఎగిరెళ్లి అమ్మమ్మ మీద వాలుద్ది!"

"ఏదన్నా ఇవ్వాలంటే?"

"స్టూలు మీద పెట్టి వెనక్కి జరగాలి!"

హెలీనాకి ఇది నచ్చలేదు. "అంత మాటెందుకు నాన్నా? అమ్మమ్మకి ఒంట్లో బాగుండదని చెబితే చాలదా?" అంది.

"ఒంట్లో బాగుండదంటే పిల్లలు లెక్కచెయ్యరమ్మా. నేను చెప్పిన పాఠం మర్చిపోయిన పిల్లని నువ్వు ఇంతవరకూ చూశావా?" అన్నారాయన. ఆవిడ కూడా చిన్నప్పుడు ఆ పాఠాలు నేర్చుకున్నదే.

పండగ రోజు పన్నెండు గంటలకు హెలీనా ఫోను చేసి, ఊరి దగ్గరకు వచ్చేశామని చెప్పింది. పిల్లలతో కలిసి తినాలన్న తొందరలో సలోమమ్మగారు వెంటనే ఇంజెక్షన్ వేసేసుకున్నారు. అంతలో ఆటో టైరు పంక్చరై ముప్పావుగంట పోయింది. అందరూ వచ్చి కూర్చున్నాక ప్రార్థన. ఆశీర్వాదంగారి క్రిస్మస్ ప్రార్థన ఎంతసేపు సాగుతుందో మా సంఘానికి బాగా తెలుసు. అది ప్రపంచంలోని దేశాలన్నిటినీ ఒక చుట్టు చుట్టి, దారిలో కనిపించిన రాజులందరినీ పలకరించి గానీ మా ఊరికి తిరిగి రాదు. ఆ రోజు రోగుల వంతు ప్రత్యేకంగా ఉంది కాబట్టి మరికాస్త పొడుగైంది.

పిల్లలు మాత్రం ముచ్చటేసేలా నడుచుకున్నారట. వచ్చీ రాగానే కెజియా పరుగెత్తుకొచ్చి, గీతకు బొటనవేళ్లు తగలకుండా టక్కున ఆగిపోయింది. అక్కడే నిలబడి, గుసగుసగా, "అమ్మమ్మా, నీ చీర బాగుంది" అంది. ఆ పిల్ల పుట్టాక గొంతు తగ్గించి మాట్లాడటం సలోమమ్మగారు ఎన్నడూ వినలేదు. నవ్వారు, ఏడ్చారు, కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆశీర్వాదంగారు అందరి ఎదుటా పాఠం మరోసారి అప్పజెప్పించుకున్నారు. ఒక్క తప్పు రాలేదు.

హెలీనా పిల్లలిద్దరికీ చెరో కేకు ముక్క చేతికిచ్చి, భర్తతో కలిసి బిర్యానీ గిన్నె తేవడానికి వెళ్లింది. సందు ఇరుకు గనక ఆటో వీధి చివరే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మేం నలుగురం సంఘం తరఫున అయ్యగారికి పండగ శుభాలు చెప్పడానికి వచ్చి, ఇంటి ముందు గేటు దగ్గర నిలబడి పిలిచాం. ఆయన లేచి వచ్చారు. అక్కడి నుంచి పెరడు కనబడదు.

పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మాట్లాడింది ఆయనే అనాలి. గీత గురించి, మనవరాళ్ల గురించి, పది రోజుల పాఠం గురించి. కంటికి కనిపించని శత్రువు నుంచి కాపాడే గీత అని ఆయన అంటుంటే నాకు అందులో ఒక మంచి ప్రసంగం కనబడింది. ఇది సంఘంలో చెప్పాలి అయ్యగారూ అన్నాను. నేను అలా అన్నానని గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది. ఆయన మురిసిపోయి, "వినడం కాదు, వచ్చి చూడండి. దూరం నుంచే" అంటూ మమ్మల్ని ఇంటి పక్కగా పెరట్లోకి తీసుకెళ్లారు.

సలోమమ్మగారు నేల మీద బోర్లా పడి ఉన్నారు.

కుర్చీ ఒరిగి ఉంది. ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. మోచేతి దగ్గర ముగ్గుపిండి చెదిరిపోయింది. చేతికి జానెడు దూరంలో స్టూలు, స్టూలు మీద కొరికిన కేకు ముక్కలు రెండు. పిల్లలిద్దరూ ఎదురుగా ప్రహరీగోడకు వీపు ఆనించి నిలబడ్డారు. రెండు చేతులతో నోళ్లు నొక్కుకుని ఏడుస్తున్నారు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. అలా ఏడ్చే పిల్లల్ని నేను అంతకుముందు చూడలేదు. దేవుడి దయవల్ల మళ్లీ చూడలేదు కూడా.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మేం పెరట్లోకి వచ్చింది పిల్లలు కూర్చున్న వైపు నుంచి. అయ్యగారు ఒక్క ఉదుటున గీత దాటి భార్య దగ్గరకు వెళ్లారు. ఆయన వెనకే పరుగెత్తిన నా కాలు గీత దగ్గరకొచ్చి ఆగింది. ఒక్క క్షణమే కావచ్చు. ఆగడమైతే ఆగింది.

ఆయన ఆవిణ్ణి వెల్లకిలా తిప్పారు. ఒళ్లంతా చెమట, చల్లబడిపోయి ఉంది. "పంచదార!" అని కేకేశారు. అప్పుడు కదిలాను. వంటింట్లోంచి డబ్బా తెచ్చాను. ఆయన చిటికెడు చిటికెడు తీసి ఆవిడ చిగుళ్లకు రాస్తూ, "సలోమీ, సలోమీ" అని పిలుస్తున్నారు. తొందరలో పంచదార సగం నేలపాలైంది.

నిస్సి నోటి మీద నుంచి చేతులు తియ్యకుండానే, వేళ్ల సందుల్లోంచి అంది. "మేం దాటలేదు తాతయ్యా."

ఆయన తలెత్తి చూశారు.

"అమ్మమ్మ కళ్లు తిరుగుతున్నాయంది. కేకు ఇవ్వమంది. స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగాం. లేచి రాలేనమ్మా, నోట్లో పెట్టమంది. మేం పెట్టలేదు తాతయ్యా. అప్పుడు లేవబోయి పడిపోయింది. పడితే చెయ్యి గీత దాటి ఇటొచ్చింది. అందుకని మేమే ఇంకా వెనక్కి జరిగాం."

మెచ్చుకుంటారేమోనని చూసింది తాతయ్య ముఖంలోకి. మా నలుగురిలో ఒకరు గట్టిగా ఏడ్చేశారు. అయ్యగారు ఏడవలేదు. చేతిలో పంచదారతో అలాగే ఉండిపోయారు. మళ్లీ రాయమని నేనే భుజం తట్టాల్సి వచ్చింది.

పావుగంటకు సలోమమ్మగారు కళ్లు తెరిచారు. ఇంకో అయిదు నిమిషాలకు లేచి కూర్చుని, పంచదార నీళ్లు తాగి, ముందుగా అడిగిన మాట, "పిల్లలు అన్నం తిన్నారా?" అని. అప్పటికి గిన్నె పట్టుకుని కూతురూ అల్లుడూ వచ్చారు. గిన్నె ఎక్కడ వదిలేశారో వాళ్లకే తెలియదు. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. గడిచిందనే నేనూ అనుకున్నాను.

ఆశీర్వాదంగారు మనవరాళ్ల వైపు నడిచారు. దగ్గరకు వెళ్లడానికి ఆయనకు ధైర్యం చాలలేదో, గీత గుర్తొచ్చిందో, రెండడుగుల ఎడంలో మోకాళ్ల మీద కూర్చున్నారు. "భయం లేదమ్మా, అమ్మమ్మ బాగుంది, చూడండి" అన్నారు. నిస్సి తల్లిని కరుచుకుపోయి ఒక్కసారిగా భోరుమంది. కెజియా గోడను వదల్లేదు. కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్న అమ్మమ్మను చూసింది, తాతయ్యను చూసింది. ఆ పసిదాని లెక్కలో పడిపోవడమంటే చచ్చిపోవడమే. పది రోజులు నేర్చుకున్న పాఠంలో ఎక్కడో తేడా వచ్చిందని దానికి అర్థమైంది.

"తాతయ్యా, మేం దాటలేదుగా," అంది మెల్లగా, ఎవరి మీదా పురుగు వాలకుండా. "మరి అమ్మమ్మ ఎందుకు చచ్చిపోయింది?"

ఆశీర్వాదంగారు అక్కడితో చెప్పడం ఆపేశారు. లోపల సలోమమ్మగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. కృపాదానం తల వంచుకుని చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. చివరికి తనే, "గీత గియ్యడం తప్పంటారా అయ్యగారూ?" అన్నాడు.

"కాదు నాయనా. గియ్యాల్సిందే."

"మరి... పాపకి మీరేం జవాబు చెప్పారు?"

ఆయన అప్పుడు కళ్లజోడు తీశారు. తుడవలేదు. ఒళ్లో పెట్టుకున్నారు.

"దానికిప్పుడు పదేళ్లు. ఇంకా ఏమీ చెప్పలేదు," అన్నారు. "నీ దగ్గర జవాబుంటే ఇవ్వు నాయనా, రేపు వస్తోంది."