బొట్టు పెట్టని రథం

ఏనుగుసాల వెనక సైన్యం పారేసిన పాత యుద్ధరథాన్ని గానుగ గవరయ్య ఇంటికి లాక్కెళ్లి, తీరిక దొరికినప్పుడల్లా సరదాకొద్దీ బాగుచేసుకున్నాడు. దసరానాడు బొట్టు పెట్టకుండానే దాన్ని రాజవీధిలోకి తెచ్చాడు. ఇరుసు చప్పుడైనా లేకుండా వస్తున్న ఆ రథాన్ని చూసి జనం దాని వెంటే నడిచారు.

దళవాయి వీరమల్లప్పకు కన్నుకుట్టింది. ఏనుగు మీద ఊరేగుతున్న రాజుగారి ఎదుటే, "ఇది సైన్యం సొత్తు. దిగు," అన్నాడు.

గవరయ్య దిగి, చేతులు కట్టుకున్నాడు. "చిత్తం దొరా. పొద్దున ఆయుధపూజలో సైన్యం రథాలన్నిటికీ బొట్టు పెట్టించారా?"

"ఒక్కటీ వదల్లేదు. ఆ సంగతి ప్రభువులకు అప్పుడే విన్నవించాను."

"మరి దీనికి బొట్టేది దొరా?"

సైన్యానిదంటే ప్రభువుకు అబద్ధం చెప్పినట్టు, కాదంటే రథం గవరయ్యదే. దళవాయి రథం ముందునుంచి పక్కకు తప్పుకున్నాడు.

రాజు నవ్వబోయి ఆగాడు. రథం పలకలో బాణం దిగిన గుంట కనిపించింది. "అంతా బాగుచేసి, దీన్నెందుకు వదిలేశావు?"

"ఆ బాణానికి ఎదురు నిలబడ్డవాడెవరో ప్రభూ. పూడ్చడానికి చేతులు రాలేదు."

రాజు ఏనుగు దిగి, చెప్పులు విడిచాడు.

"గవరయ్యా, నీ రథానికి నేను బొట్టు పెట్టవచ్చా?"