మధ్యబందు ఎందుకు కిర్రుమంది?

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మేడ, ఆ మేడ మీద ఒక చిన్న వాటా. ఊఁ కొట్టాలి మరి, లేకపోతే నేను ఆపేస్తాను.

ఆ వాటాలో వకుళ అనే పిల్ల ఉండేది. మూడో తరగతి. దానికి కనిపించిన ప్రతిదీ ఎందుకో తెలియాలి. బెండకాయకి జిగురెందుకు, తోక ఊడినా బల్లి ఏడవదెందుకు, ఇలాగ. అచ్చం నీలాగే. వాళ్ళ నాయనమ్మ పేరిందేవమ్మ జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయి, "నీ నోట్లో ఎందుకుల పుట్ట ఉందే" అనేది.

వకుళ వాళ్ళ అమ్మ హైమ ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా రోగుల దగ్గర మేలుకుని, పొద్దున్నే ఇంటికొచ్చి, పగలు పడుకునేది. నాన్నేమో పగలు పనికి పోయేవాడు.

ఒకనాడు నాన్న ఒక బీరువా తెచ్చాడు. అది బీరువాలా రాలేదు. అట్టపెట్టెలో పలకలు పలకలుగా వచ్చింది. దానితో పాటు బొమ్మలు గీసిన కాగితం, పొట్లం నిండా స్క్రూలు వచ్చాయి. నాన్న ఆదివారమంతా నేల మీద కూర్చుని, ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మొత్తానికి బీరువాని నిలబెట్టాడు. తలుపుకి మూడు మడతబందులు బిగించాడు. మడతబందంటే తలుపుని పట్టుకుని ఊగనిచ్చే ఇనుప ముక్క. పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి.

కొత్త వస్తువొస్తే నాయనమ్మ ఊరుకుంటుందా? పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. చెక్కకి కాదు, బందుకి. "తలుపు బరువంతా మోసేది ఇదేగా. బరువు మోసేవాళ్ళకే బొట్టు పెట్టాలి" అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పెడుతూనే ఉంది.

కొన్నాళ్ళు బాగానే ఉంది. అప్పుడు బీరువా కిర్రుమనడం మొదలుపెట్టింది. పిల్లి తోక తొక్కినట్టు ఒకటే అరుపు. బట్టలు, పుస్తకాలు, నాయనమ్మ మాత్రలు, అన్నీ అందులోనే. తలుపు తెరిచే ఉంచుదామంటే మంచానికి అడ్డం. అది తీసినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడి లేచేది. మళ్ళీ నిద్ర పట్టేది కాదు పాపం.

ఒకరోజు అమ్మ కాఫీలో ఉప్పు వేసింది. ఇంకోరోజు బస్సులో కునికి, దిగాల్సిన చోటు దాటి పోయింది. మూడోరోజు నాన్నతో మెల్లగా అంది, "నిన్న ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వబోయానండి. ఆఖరి క్షణంలో చూసుకున్నాను. ఇలాగే నిద్ర లేకపోతే ఈ చేతులతో ఎవరికేం చేస్తానో అని భయంగా ఉంది."

నాన్న "ఆదివారం చూస్తాలే" అన్నాడు. నాన్నల ఆదివారాలు నీకు తెలుసుగా. కానీ ఆ మాట వకుళ కూడా విన్నది. ఎలాగైనా అమ్మని పడుకోనివ్వాలనుకుంది.

ఆ సాయంత్రం అమ్మ ఆస్పత్రికి వెళ్ళాక, కొబ్బరినూనె సీసా తెచ్చి మూడు బందులకీ పూసింది. రెండు రోజులు బీరువా నోరు మూసుకుంది. మూడో రోజు మళ్ళీ కిర్రు, ఈసారి జలుబు చేసిన గొంతుతో.

ఆ తర్వాత వకుళ, నాన్న పెట్టెలోని స్క్రూడ్రైవర్ తీసి, పైబందు స్క్రూ ఒకదాన్ని మూడు చుట్లు తిప్పింది. తలుపు వాలిపోయి అడుగు పలకకి రాసుకుంది. కిర్రుతో పాటు బర్రు కూడా వచ్చి చేరింది. వకుళ నాలుక కరుచుకుని మూడు చుట్లూ వెనక్కి తిప్పేసింది. లెక్కపెట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తలుపు చేతిలోకి వచ్చేది.

మూడోసారి గురువారం సాయంత్రం. ఈసారి ఏ పనీ చెయ్యలేదు, ఊరికే విన్నది. ఒక గ్లాసు తెచ్చి పలకకి ఆనించి, దానికి చెవి పెట్టి, తలుపు కొంచెం కొంచెం కదిపింది. పైబందు మాట్లాడలేదు. కిందిబందూ మాట్లాడలేదు. మధ్యబందు దగ్గర పెట్టగానే కిర్ర్‌ర్.

వకుళకి భలే వింతగా అనిపించింది. మూడూ ఒకే పెట్టెలోంచి వచ్చాయి. మూడింటినీ ఒకే రోజు బిగించారు. మూడూ మోసేది ఒకే తలుపుని. మరి దీనికొక్కదానికే ఏమొచ్చింది? నువ్వు చెప్పు చూద్దాం. తట్టలేదా? సరే, విను.

టార్చిలైటు వేసి బందు మడతలోకి చూసింది. లోపల ఎర్రగా ఉంది. తుప్పేమో అనుకుని పాత టూత్‌బ్రష్‌తో గీకింది. మెత్తటి ముద్ద ఊడొచ్చి వేలికి అంటుకుంది. వాసన చూసింది. తుప్పు వాసన కాదు. పూజ చేసొచ్చినప్పుడు నాయనమ్మ దగ్గర వచ్చే వాసన.

పైబందు నాయనమ్మకి అందదు. కిందిబందుకి వంగాలంటే మోకాళ్ళు నొప్పి. చెయ్యి అందేది మధ్యబందు ఒక్కటే. వారం వారం ఆ పసుపూ కుంకుమా రాలి మడతలో చేరాయి. వకుళ పూసిన కొబ్బరినూనె వాటిని ముద్ద చేసి పెట్టింది.

ఎందుకో తెలిసిపోయింది, కానీ వకుళకి సంతోషం వెయ్యలేదు. చెబితే నాయనమ్మ బాధపడుతుంది. చెప్పకపోతే రేపు మళ్ళీ శుక్రవారం. కాసేపు గుమ్మంలో నిలబడి, చివరికి వెళ్ళి ఎర్రటి వేలు చూపించింది. "నాయనమ్మా, బందు గొంతులో ఇది అడ్డం పడింది" అంది.

నాయనమ్మ ఆ వేలు పట్టుకుని వాసన చూసింది. "అయితే ఇన్నాళ్ళూ మీ అమ్మ నిద్ర చెడగొట్టింది నేనేనన్నమాట" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీ బొట్టూ నా నూనే కలిసి చేశాయి నాయనమ్మా. తప్పు చెరి సగం" అంది వకుళ.

అప్పుడు నాయనమ్మ లేచి, తన కుట్టుమిషను సొరుగులోంచి పొడుగు ముక్కున్న నూనెడబ్బా తీసింది. "కొబ్బరినూనె తలకి పెట్టుకోవాలే పిచ్చిదానా. ఇనుముకి ఇది" అంది. ఇద్దరూ పొడిగుడ్డతో మడతంతా తుడిచారు. ఒకే ఒక్క చుక్క వేశారు. తలుపు పదిసార్లు తీసి, మూసి, పైకి కారిన నూనె తుడిచేశారు. తలుపు కిక్కురుమనలేదు.

మర్నాడు అమ్మ పొద్దున్నే వచ్చి పడుకుంది. నాయనమ్మ మాత్రల కోసం బీరువా తీసింది, అమ్మ కదల్లేదు. వకుళ బడినించి వచ్చి గౌను తీసుకుంది, అమ్మ కదల్లేదు. ఆ తర్వాత నాయనమ్మ కుంకుమభరిణె పట్టుకొచ్చింది. చెయ్యి అలవాటుగా మధ్యబందు దాకా వెళ్ళి ఆగిపోయింది. అప్పుడు మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఎందుకు నాయనమ్మా?" అని గుసగుసగా అడిగింది వకుళ.

"పడుకున్నవాళ్ళకి బొట్టు పెట్టకూడదే. లేవనీ" అంది నాయనమ్మ. ఒక్క నిమిషం ఊరికే కూర్చోలేని మనిషి, దీపాలు పెట్టే వేళదాకా భరిణె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

అమ్మ తనంతట తనే కళ్ళు తెరిచింది. "ఎంతసేపు పడుకున్నానో. ఇవాళ ఎవరూ బీరువా తియ్యలేదా అత్తయ్యా?"

"నాలుగుసార్లు తీశాం. లేచి కూర్చో అమ్మాయ్."

అమ్మ లేచి కూర్చుంది. నాయనమ్మ ఆమె నుదుట కుంకుమ దిద్దింది.

"ఇవాళ ఏం పండగ అత్తయ్యా?"

"పండగేం కాదమ్మా. బరువు మోసేవాళ్ళకి పెట్టాలి. ఇన్నాళ్ళూ ఇనుముకి పెట్టాను" అంది నాయనమ్మ. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఊఁ ఏది మరి? కళ్ళు మూతలు పడుతున్నాయా? సరేలే, పడుకో. లేపను.

నూనె చుక్క బందుకి,
కుంకుమ చుక్క నుదుటికి,
కునుకు చుక్క కంటికి,
కథ నడిచె కంచికి,
మనం చేరాం ఇంటికి.