ఎంగిలి కాని మందు

ప్రశ్న అడిగితే రూతమ్మ సిస్టర్ జవాబు చెప్పదు, కుర్చీలోంచి లేస్తుంది. వెంట నడిచిన వాళ్లకు జవాబు దొరుకుతుంది. అది నచ్చుతుందన్న భరోసా మాత్రం లేదు. ఆ ఛాతీ ఆసుపత్రికి వచ్చే కొత్త నర్సులకు పని నేర్పేది ఆవిడే.

ఆ ఉదయం అడిగింది నర్సు ప్రవల్లిక. అడిగిందనడం కంటే కడుపుమంట వెళ్లగక్కిందనడం నయం. రైసుమిల్లు దుమ్ములో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న దాలినాయుడికి ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో తనే దగ్గర కూర్చుని చూపించింది. ఆ మనిషి తెల్లవారుతూనే ఊపిరాడక వచ్చి, మంచం మీదికి చేర్చేలోపే పోయాడు.

"అంతా చూశాడు, బుద్ధిగా తల ఊపాడు, ఇంటికెళ్లి మానేసి ఉంటాడు. మన మాట చెవిన పెట్టని వాళ్లకు ఎంత నేర్పి ఏం లాభం సిస్టర్?"

రూతమ్మ లేచింది.

వరండాలో దాలినాయుడి భార్య పైడితల్లి శవాన్ని తీసుకెళ్లే బండి కోసం కూర్చుని ఉంది. ఇన్‌హేలర్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. రూతమ్మ ఆమె పక్కనే నేల మీద చతికిలబడి, "మీ ఆయన దీన్ని ఎలా పీల్చేవాడో ఒక్కసారి చూపిస్తావా తల్లీ?" అంది.

మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని ఇదేం అడగడమని ప్రవల్లికకు ఒళ్లు మండింది. పైడితల్లికి మాత్రం కోపం రాలేదు. భర్త తరఫున సాక్ష్యం చెప్పడానికి పిలిచినట్టు సర్దుకుని కూర్చుంది. మూత తీసింది, బాగా ఊపింది, ఊపిరి పూర్తిగా వదిలింది. ఆపైన తల వెనక్కి వాల్చి, చెంబెత్తి నీళ్లు తాగేటట్టు, నోటికి జానెడు దూరంలో పట్టుకుని నొక్కింది. మందు బుస్సుమని వరండా గాల్లో కలిసిపోయింది.

"ఒక్క పూట మానలేదమ్మా. ఆయాసమెక్కువైతే నానే పట్టీదాన్ని. పెదవికి తగిల్తే ఎంగిలైపోద్దని, ఈ నర్సు సిన్నమ్మ సూపించినట్టే ఎడంగా పట్టినాం. మావేటైనా తప్పు సేసినామేటి?"

ప్రవల్లికకు తను చూపించే తీరు కళ్లముందు కదిలింది. ఓపీలో అందరికీ చూపించడానికి ఉన్నది ఒకటే ఇన్‌హేలర్. నలుగురి ముందూ తిరిగేదాన్ని ఎంగిలి చెయ్యడమెందుకని తను ఏనాడూ పెదవులకు ఆనించలేదు. ఒకరి నోట పెట్టింది ఇంకొకరికి ఎలా ఇస్తామని రోగుల చేత చేయించనూ లేదు. పెదవులు బిగించి పట్టాలని దాలినాయుడితో నోటితోనైనా చెప్పిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

అసలు పద్ధతి ఇప్పుడైనా చూపిద్దామని కాబోలు, చెయ్యి చాచింది. రూతమ్మ ఆ మణికట్టు పట్టి ఆపేసింది.

"మీ తప్పేం లేదు తల్లీ. చూపించినట్టే చేశారు."

పైడితల్లి మొహం కాస్త తేటపడింది. ఇన్‌హేలర్‌కు మూత పెట్టి కొంగున ముడి వేసుకుంది. ఆ తేటదనం చూడలేక ప్రవల్లిక మొహం తిప్పేసుకుంది. తిట్టి ఉన్నా ఇంతకంటే నయంగా ఉండేది.

లోపలికి వస్తుంటే ఏడుపు ఆగక అడిగేసింది. "నేనే చంపానా సిస్టర్?"

రూతమ్మ ఓపీ హాలు తలుపు దగ్గర నిలబడింది. లోపల బెంచీల నిండా జనం. దగ్గుతూ, రొప్పుతూ, చేతిసంచుల్లో ఇన్‌హేలర్లు పెట్టుకుని ప్రవల్లిక కోసం చూస్తున్నారు.

"వెళ్లు," అంది రూతమ్మ. "వాళ్లంతా నీ దగ్గర నేర్చుకున్నవాళ్లే. వాళ్లూ అంత శ్రద్ధగానే నేర్చుకుని ఉంటారు."